వేళ్లను తిట్టుకోకండి, ముందు బేస్‌ని చూడండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం బేస్ గిటార్ గురించే. ఎప్పుడూ లీడ్ గిటార్ వాళ్లే రాసేవాళ్లు, నాలుగు తీగల వాళ్లకి ఇన్నాళ్లకి నోరొచ్చింది, సంతోషం. అందరి బాధా ఒకటే, వాయిస్తుంటే ఎక్కడో ఒకచోట నొప్పి. మొదటి ఉత్తరానికి జవాబు కాస్త పొడుగైంది. మిగతావాళ్లు కూడా అది చదివాకే తమ జవాబుకి రండి.

ప్రశ్న: అన్నయ్యా, మాది గుంటూరు బ్రాడీపేట. డిగ్రీ రెండో సంవత్సరం. మా చర్చిలో బేస్ వాయించేవాళ్లు లేరని నాలుగు నెలల క్రితం సెకండ్‌హ్యాండ్‌లో ఒకటి కొన్నాను. పావుగంట వాయించేసరికి ఎడమచేతి బొటనవేలి మొదట్లో లాగేస్తోంది, కుడిచేతి రెండు వేళ్లకీ బొబ్బలు. "ఆడపిల్లవి, వేళ్లలో బలం ఉండదు, అదే అలవాటవుతుంది" అంటున్నారు అందరూ. మానేయమంటారా?

జవాబు: మానెయ్యొద్దు చెల్లెమ్మా. ఆ మాట అన్నవాళ్ల చేతికే నీ బేస్ ఇచ్చి ఒక గంట వాయించమను, ఎవరి వేళ్లలో ఎంత బలం ఉందో తేలిపోతుంది. కుడిచేతి బొబ్బలు కొత్తలో అందరికీ వస్తాయి. పగిలిన చూపుడువేలితో ఆవకాయ అన్నం కలుపుకున్న రోజు నాకూ ఉంది, ఆ మంట ఇప్పటికీ గుర్తుంది. అవి మూడు నాలుగు వారాల్లో గట్టిపడతాయి. నాలుగు నెలలైనా తగ్గలేదంటే, దానికి తోడు బొటనవేలు కూడా లాగుతోందంటే, నా అనుమానం నీ చేతిమీద కాదు, నీ బేస్ మీద.

సెకండ్‌హ్యాండ్ బేస్ చాలావరకు ఏళ్ల తరబడి మూలన నిలబెట్టిందే అయి ఉంటుంది. నాలుగు తీగలూ శ్రుతిలో ఉంటే నెక్ మీద, అంటే ఎడమచెయ్యి పట్టుకునే పొడుగాటి పిడి మీద, పడే లాగుడు 80 కిలోల దరిదాపు, అంటే మన 75 కిలోల ధాన్యం బస్తా కంటే ఎక్కువే. రాత్రీపగలూ అంత బరువు లాగుతుంటే చెక్క విల్లులా ముందుకి వంగుతుంది, తీగలు ఫ్రెట్లకి, అంటే నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లకి, దూరమైపోతాయి, ప్రతి స్వరానికీ నువ్వు తీగని పాతాళానికి నొక్కాల్సి వస్తుంది. దీనికి విరుగుడుగా నెక్ లోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ ఉంటుంది. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ అనే ఆయనకి 1923లో దీనిమీద పేటెంట్ వచ్చింది. అంటే వందేళ్ల నాటి సంగతి, అయినా మన దగ్గర చాలామంది దాన్ని ముట్టుకుంటే బాంబు పేలుతుందన్నట్టు చూస్తారు.

మన వీణతో పోల్చి చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. వీణ మెట్లని మైనంలో నిలబెడతారు, తేడా వస్తే ఆ మైనం సర్ది మెట్టునే కదపొచ్చు. బేస్‌లో ఫ్రెట్‌ని చెక్కలోకి దిగ్గొడతారు, అది కదలదు. కాబట్టి నెక్ వంపు, తీగ ఎత్తు, తీగ పొడవు, ఈ మూడిటినీ ఫ్రెట్ల చుట్టూ మనమే సర్దుకోవాలి. దీన్నే సెటప్ అంటారు. తీగ పొడవు సంగతి మాత్రం అన్నిటికంటే చివరి జవాబులో ఉంది. వరస తప్పితే చేసినదంతా మళ్లీ చెయ్యాలి, అందుకే వరసగా చెబుతున్నాను.

ముందు కొత్త తీగలు వెయ్యి. బేస్‌తో పాటు వచ్చిన తుప్పు తీగలమీద సెటప్ చేస్తే దండగ. మామూలు సెట్‌లో తీగలు 45, 65, 85, 105 అని ఉంటాయి, అంటే అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన తీగ మందం. నీకు 40, 60, 80, 100 సెట్ సరిపోతుంది, చేతికి కాస్త మెత్తగా ఉంటుంది. చర్చిలో ఏ శ్రుతిలో వాయిస్తావో సరిగ్గా ఆ శ్రుతికే బిగించు. లావు తీగ (E) 41 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 41 ఊపులతో, మోగుతుంది కాబట్టి ఫోన్‌లో ట్యూనర్ యాప్ ఒక్కోసారి దాన్ని పట్టుకోలేక తడబడుతుంది. అప్పుడు 12వ ఫ్రెట్ మీద వేలు ఆనించీ ఆనించకుండా మీటితే వచ్చే సన్నటి స్వరం, హార్మోనిక్, దాన్ని వినిపించు, అది 82 దగ్గర ఉంటుంది, వెంటనే పడుతుంది.

ఇప్పుడు నెక్ వంపు. బేస్‌ని మంచంమీద పడుకోబెట్టి కొలవకు, వాయించేటప్పుడు ఎలా పట్టుకుంటావో అలాగే పట్టుకో, ఎందుకంటే పడుకోబెడితే నెక్ తన బరువుకే ఇంకోలా వంగుతుంది. లావు తీగని మొదటి ఫ్రెట్ దగ్గర ఎడమచేత్తో నొక్కు (తీగలన్నిటినీ ఒకేచోట నొక్కిపట్టే బిగింపు, కేపో, ఉంటే అది బిగించు), నెక్ బాడీకి కలిసేచోట ఉన్న ఫ్రెట్ దగ్గర కుడిచేత్తో నొక్కు. ఆ రెండు చోట్ల మధ్య తీగ స్కేలులా తిన్నగా ఉంటుంది. 8వ ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు ఎంత ఉందో చూడు. 0.3 మిల్లీమీటర్లు ఉంటే చాలు. నీ దాంట్లో ఒక మిల్లీమీటర్ ఉన్నా నేను ఆశ్చర్యపోను. కొలవడానికి ఫీలర్ గేజ్ కావాలి, సన్నటి సందులు కొలిచే రేకులవి, మ్యూజిక్ షాపులో అడిగితే సరైన ధరకి ఇవ్వరు. ఎప్పుడైనా విజయవాడ వస్తే ఆటోనగర్‌లో అడుగు, మెకానిక్‌లు ట్యాపెట్ సెట్టింగ్‌కి వాడేది అదే. అంత ఓపిక లేకపోతే ఒక మామూలు విజిటింగ్ కార్డు దూర్చి చూడు, దాని మందం కూడా దాదాపు అంతే.

నెక్ అసలు ఎందుకు వంగాలి, బల్లపరుపుగా ఉంచేస్తే పోలా అని అడుగుతావేమో. మోగే తీగ తిన్నటి గీతలా ఉండదు, మధ్యలో పొట్టలా ఊగుతుంది. ఆ ఊగుడికి చోటివ్వడానికే ఆ చిన్న వంపు.

సందు ఎక్కువ ఉంటే ట్రస్ రాడ్ బిగించాలి. దాని తల కొన్నిటికి తీగలు చుట్టే మేకుల దగ్గర చిన్న మూత కింద, కొన్నిటికి బాడీ దగ్గర ఉంటుంది. ఆ తలకి ఎదురుగా నిలబడి, సరిగ్గా పట్టే అలెన్ కీతో గడియారం ముల్లు తిరిగే వైపు పావు చుట్టు తిప్పు. పావే. మళ్లీ శ్రుతి చూసుకో, మళ్లీ కొలు. చాలకపోతే ఇంకో పావు. వంపు తక్కువైపోయి ఉంటే ఎదురు వైపు. గట్టిగా మొరాయించిందా, ఆపెయ్యి, తెలిసినవాళ్లకి చూపించు. ఇది నేను పుస్తకం చదివి చెప్పడం లేదు. నా మొదటి బేస్‌కి "ఇంకొంచెం, ఇంకొంచెం" అని ఒకే పూటలో రెండు చుట్లు తిప్పాను, టక్కుమంది. ఆ నెక్ ఇప్పటికీ మా అటకమీద ఉంది, ఇంట్లోవాళ్లు దాంతో పాత కర్టెన్లు ఎత్తి పెడుతుంటారు.

నెక్ కుదిరాకే తీగ ఎత్తు, దాన్నే యాక్షన్ అంటాం. 17వ ఫ్రెట్ దగ్గర, తీగని నొక్కకుండా, ఫ్రెట్ పైనుంచి తీగ అడుగు వరకు చూడాలి. ఫెండర్ కంపెనీ చెప్పే లెక్క లావు తీగ వైపు 2.4, సన్న తీగ వైపు 2 మిల్లీమీటర్లు. బ్యాంకు ఏటీఎం కార్డు మందం 0.76, అంటే మూడు కార్డులు కలిపి పట్టుకుంటే 2.3 వస్తుంది, అంకెలు ఉబ్బెత్తుగా లేని కార్డులు తీసుకో. ఆ మూడూ లావు తీగ కింద కాస్త ఒరుసుకుంటూ దూరితే సరిగ్గా ఉన్నట్టే. నీ బేస్ కింద ఐదు కార్డులు దూరతాయని నా పందెం. బాడీ మీద తీగల కొసలు ఆనే బ్రిడ్జ్ దగ్గర ప్రతి తీగకీ శాడిల్ అనే చిన్న దిమ్మ, దానికి రెండు పిసరంత స్క్రూలు ఉంటాయి, వాటికి 1.5 మిల్లీమీటర్ల అలెన్ కీ చాలావాటికి పడుతుంది. రెండు స్క్రూలూ సమానంగా తిప్పు, శాడిల్ ఒకవైపు ఒరిగిపోకూడదు.

తర్వాతిది నట్, తీగలు నెక్ తల దగ్గర ఆనే ఆ చిన్న ఎముకో ప్లాస్టికో ముక్క. చవక బేస్‌లలో దీని గాళ్లు దాదాపు ఎప్పుడూ తక్కువ లోతుగానే కోసి ఉంటాయి. నీ బొటనవేలు మొదటి రెండు ఫ్రెట్ల దగ్గర వాయించినప్పుడే ఎక్కువ లాగుతోందా? అయితే తప్పు ఇక్కడే. తీగని 2, 3 ఫ్రెట్ల మధ్య నొక్కి మొదటి ఫ్రెట్ మీద చూడు, వెంట్రుకంత సందు కనబడితే బాగున్నట్టు, విజిటింగ్ కార్డు సులువుగా దూరితే ఎత్తుగా ఉన్నట్టు. ఈ ఒక్క పని మాత్రం సొంతంగా చెయ్యకు, దానికి తీగ మందానికి సరిపోయే ప్రత్యేకమైన ఆకురాయి కావాలి. ఆ పని చేతికొచ్చినవాళ్ల దగ్గరకే వెళ్లు, చేతికి రానివాళ్లూ ఉంటారు. నాకు ఒక షాపులో గాడిని అరగదీసి అరగదీసి తీగని ఫ్రెట్ మీద పడుకోబెట్టి ఇచ్చారు, డబ్బులు కూడా తీసుకున్నారు. తర్వాత ఇంకొకాయన ఆ గాట్లో చిటికెడు వంట సోడా వేసి, పైన ఒక చుక్క ఫెవిక్విక్ పోసి, గట్టిపడ్డాక మళ్లీ కొత్తగా కోసిచ్చాడు. వంటింటి వైద్యమే, కానీ రెండేళ్లు నడిచింది.

ఇవన్నీ అయ్యాక ఒకసారి వాయించి చూడు. అప్పటికీ వేలు లాగితే మళ్లీ రాయి, అప్పుడు నీ చెయ్యి గురించి మాట్లాడదాం. ఒక్కటి మాత్రం ఇప్పుడే చెబుతాను, బొటనవేలితో నెక్‌ని పిండకు, అది ఊరికే వెనక ఆనుకుని ఉంటే చాలు. బొటనవేలు పూర్తిగా తీసేసినా స్వరం పలికిందంటే నీ సెటప్ కుదిరినట్టు.

ప్రశ్న: గురువుగారూ, విజయవాడ వన్‌టౌన్ నుంచి రాస్తున్నాను, పదేళ్లుగా ఆర్కెస్ట్రాలో బేస్ వాయిస్తున్నాను. యాక్షన్ ఎంత తక్కువ ఉంటే అంత హాయి అని వీడియోలో చూసి బాగా దించాను. ఇంట్లో వెన్నలా ఉంది. మొన్న రిసెప్షన్‌లో స్టేజీ ఎక్కాక మాత్రం ప్రతి తీగా బర్రుమంటోంది. సగం ప్రోగ్రాం నాకు చెమటలే.

జవాబు: ఇంట్లో సోఫాలో కూర్చుని మీటే చెయ్యి వేరు, స్టేజీమీద డప్పులూ ప్యాడ్లూ మోగుతుంటే మీటే చెయ్యి వేరు సార్. రెండో దాని బలం మొదటిదానికి రెట్టింపు ఉంటుంది, తీగ కూడా రెట్టింపు ఊగుతుంది. కాబట్టి యాక్షన్ ఎప్పుడూ స్టేజీ చెయ్యితో పెట్టుకోవాలి. ఇంట్లోనే కళ్లు మూసుకుని ఎదురుగా మూడువందల మంది భోజనాలు చేస్తున్నారనుకుని బలంగా మీటండి, అప్పుడు బర్రుమనకుండా ఉన్న ఎత్తే మీ ఎత్తు. అందరికీ ఒకే అంకె అంటూ ఏమీ లేదు, పైన చెప్పిన 2.4 కూడా మొదలుపెట్టడానికే.

అసలు జబ్బు బేస్‌లో కన్నా ఆంప్‌లో (శబ్దం పెంచే ఆంప్లిఫయర్‌లో) ఎక్కువ ఉంటుందని నా అనుభవం. స్టేజీమీద మనవైపు తిప్పిన స్పీకర్‌లో, మానిటర్‌లో, బేస్ వినబడదు, సౌండ్ అబ్బాయి పట్టించుకోడు, వినబడడం కోసం మనం తీగని పీకేస్తాం, పీకేకొద్దీ తీగ ఫ్రెట్లకి కొట్టుకుంటుంది, వేళ్లు వాచిపోతాయి. ఆంప్ నాబ్ ఇంకొంచెం తిప్పి చెయ్యి సగం బలంతో మీటండి. శబ్దం అంతే ఉంటుంది, స్వరం ఇంకా గుండ్రంగా వస్తుంది, మూడు గంటలు వాయించినా మోచెయ్యి నొప్పెట్టదు. సౌండ్ అబ్బాయితో గొడవెందుకని ఊరుకోకండి, ముందే వెళ్లి ఒక టీ ఇప్పించి అడగండి, పనైపోతుంది.

బర్రు ఎక్కడ వస్తోందో చూస్తే తప్పు ఎక్కడుందో అదే చెబుతుంది. వేలు పెట్టకుండా మీటినప్పుడు మాత్రమే వస్తే నట్ గాడి లోతైపోయింది. మొదటి ఐదు ఫ్రెట్లలో వస్తే నెక్ మరీ తిన్నగా అయిపోయింది, ట్రస్ రాడ్ పావు చుట్టు వదలండి. 12 దాటాక పైన వస్తే తీగలు నిజంగానే కిందికి దిగాయి, శాడిల్ ఎత్తండి. ఎక్కడో ఒకే ఒక్క స్వరం దగ్గర వస్తే దాని పక్క ఫ్రెట్ లేచింది, దానికి సెటప్ మందు కాదు, ఫ్రెట్ చదును చేయించాలి. ఇంకోటి, ఆంప్ ఆపేసి చెవి పెట్టి వింటేనే వచ్చే బర్రు స్పీకర్‌లో వినబడకపోతే దాని జోలికి పోకండి. ఆ చిన్న చప్పుడు కోసం యాక్షన్ ఎత్తి, వేళ్లు నొప్పెట్టి, మళ్లీ దించి, ఇలా చిరాకుపడ్డవాళ్లని చాలామందిని చూశాను.

పికప్‌లు, అంటే తీగల కింద వాటి ఊపుని పట్టి ఆంప్‌కి పంపే అయస్కాంతాల పెట్టెలు, కూడా ఒకసారి చూడండి. యాక్షన్ దించినప్పుడు తీగలు పికప్ అయస్కాంతాలకి దగ్గరైపోయి ఉంటాయి, అవి తీగని లాగితే లావు తీగ స్వరం వణికినట్టు, రెండు స్వరాలు కలిసినట్టు వినబడుతుంది. చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి ఉంచి చూస్తే లావు తీగకీ పికప్‌కీ మధ్య 3 మిల్లీమీటర్లైనా ఉండాలి.

ప్రశ్న: నమస్తే అండీ. మా బాబుకి పన్నెండేళ్లు, పటమటలో ఉంటాం. కీబోర్డ్ నేర్పిద్దామంటే వద్దు, బేసే కావాలని పేచీ. వాళ్ల మాస్టారి బేస్ పట్టుకుంటే చెయ్యి చివరిదాకా అందడం లేదు. పెద్దయ్యేదాకా ఆగమనాలా?

జవాబు: ఆగొద్దమ్మా, పన్నెండేళ్లప్పుడు పుట్టిన పేచీ పద్దెనిమిదేళ్ల దాకా ఉండదు. పొట్టి బేస్ ఒకటి ఉందని వాళ్ల మాస్టారు చెప్పలేదా? లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తీసుకొచ్చినప్పుడు తీగ పొడవు, అంటే నట్ నుంచి బ్రిడ్జ్ దాకా, 34 అంగుళాలు పెట్టాడు, మీరు చూసే బేస్‌లు చాలావరకు అదే కొలత. షార్ట్ స్కేల్ అని 30 అంగుళాలవి కూడా ఉన్నాయి, అవి పిల్లల బొమ్మలేమీ కాదు, బీటిల్స్ పాల్ మెకార్ట్‌నీ వాయించిన ఆ వయొలిన్ ఆకారం హాఫ్నర్ బేస్ కూడా 30 అంగుళాలదే.

నాలుగు అంగుళాల తేడా ఏం చేస్తుందంటే, 34లో మొదటి ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్‌కి 5.1 అంగుళాలు చాపాలి, 30లో 4.5 చాలు. పెద్దవాళ్లకి ఇది పెద్ద తేడా కాదు, మీ బాబు చేతికి మాత్రం అందడానికీ అందకపోవడానికీ ఉన్న తేడా ఇదే. అదే మందం తీగని అదే శ్రుతికి పెడితే లాగుడు కూడా 22 శాతం తగ్గుతుంది, అందుకే మెత్తగా ఉంటుంది. షార్ట్ స్కేల్‌కి తీగలు మాత్రం దాని కొలతవే కొనాలి, పొడుగు తీగలు తెచ్చి కత్తిరిస్తే లావు చుట్టు నట్ దాటి మేకుల మీదకి వెళ్లి, చుట్టేచోట విరిగే ప్రమాదం ఉంది.

కొనేలోపు ఊరుకోవడం ఎందుకు, మాస్టారి బేస్‌కే మూడో ఫ్రెట్ దగ్గర కేపో బిగించి అక్కడినుంచి నేర్పమనండి. పైకి వెళ్లేకొద్దీ ఫ్రెట్లు దగ్గరవుతాయి కదా. నాలుగు వేళ్లూ నాలుగు ఫ్రెట్లకి బలవంతంగా చాపే పద్ధతి మాత్రం ఇప్పుడే వద్దు. డబుల్ బేస్ వాళ్లు వాడే పాత పద్ధతి ఒకటుంది, చూపుడువేలు, మధ్యవేలు, తర్వాత ఉంగరపువేలు తోడుగా చిటికెనవేలు, మొత్తం మూడు ఫ్రెట్లే. చిన్న చేతులకి కింది ఫ్రెట్ల దగ్గర అంతకంటే మంచి పద్ధతి లేదు. పెద్ద చేతులకి కూడా లేదనే నేనంటాను, ఒప్పుకోనివాళ్లు ఉంటే ఉండనివ్వండి.

ప్రశ్న: అన్నా, గుంటూరు అరండల్‌పేట. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రిళ్లు బ్యాండ్. బేస్ మోకాళ్ల దాకా వేలాడేసుకుంటాను, స్టైల్ అదే కదా. అరగంటకి భుజం పడిపోతోంది, ఎడమ మణికట్టు మంట. సెటప్ అంతా బాగుందని చేయించినాయన చెప్పాడు.

జవాబు: తమ్ముడూ, బేస్ సెటప్ బాగుంది, నీ సెటప్ బాలేదు. బేస్ బరువు నాలుగు కిలోలు అనుకో, దాన్ని అంగుళంన్నర నైలాన్ పట్టీమీద భుజాన మోస్తున్నావు. మూడు, నాలుగు అంగుళాల వెడల్పు తోలు స్ట్రాప్ కొను, లోపలి వైపు గరుకుగా ఉన్నది. గరుకు దేనికంటే, కొన్ని బేస్‌లకి తల బరువు ఎక్కువ, చెయ్యి వదిలితే నెక్ నేలకేసి వాలిపోతుంది. నున్నటి పట్టీ అయితే ఎడమచెయ్యి వాయించడం మానేసి నెక్‌ని ఎత్తిపట్టుకునే కూలి పని చేస్తుంది, నీ మణికట్టు మంటలో సగం బహుశా అదే.

మిగతా సగం ఎత్తు. కుర్చీలో కూర్చుని బేస్‌ని తొడమీద పెట్టుకుని వాయించు, చెయ్యి ఎక్కడ హాయిగా ఉందో చూసుకుని, స్ట్రాప్‌ని ఆ ఎత్తుకే బిగించి లేచి నిలబడు. కూర్చున్నా నిలబడ్డా బేస్ ఒకే చోట ఉండాలి. నెక్ తల నీ భుజం ఎత్తుకి కాస్త దగ్గరగా పైకి చూస్తుండాలి. మణికట్టు తిన్నగా ఉంటేనే వేళ్లు తేలిగ్గా కదులుతాయి, కావాలంటే ఇప్పుడే ఖాళీ చేత్తో మణికట్టు బాగా వంచి పిడికిలి బిగించి చూడు, బిగుసుకోదు. మోకాళ్ల దగ్గర బేస్ పెట్టుకుంటే రెండు గంటలసేపు చేస్తున్న పని అదే.

ఫోటోల కోసం కావాలంటే ఒక్క పాటకి దించుకో. రాత్రి నిద్రలో వేళ్లు తిమ్మిరెక్కడం, ఉదయం లేచాక మొద్దుబారడం ఉంటే మాత్రం స్ట్రాపూ గీపూ పక్కనపెట్టి డాక్టర్‌కి చూపించుకో. పగలంతా కీబోర్డ్, రాత్రంతా బేస్, ఆ చెయ్యి ఒక్కటే కదా.

ప్రశ్న: మాస్టారూ, గుణదల నుంచి. జనవరిలో సెటప్ చేయించాను, అద్భుతంగా ఉంది. మే వచ్చేసరికి మళ్లీ పాత కథ. డబ్బులు తీసుకుని మోసం చేశాడా?

జవాబు: పాపం ఆయన్నేమీ అనకండి. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, చెక్క ఎంత? కృష్ణ పక్కనే ఉన్న ఊరు, తేమ ఒకపక్క, బెజవాడ ఎండ ఇంకోపక్క, చెక్క తేమ పీలుస్తూ వదులుతూ ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. ఏ నెక్ ఎటు కదులుతుందో ముందే చెప్పలేం, ఒక్కోదాని చెక్క ఒక్కో రకం. అందుకే ఊహించి తిప్పకండి, కొలిచి తిప్పండి. ఎండలు ముదిరినప్పుడు ఒకసారి, వానలు పట్టాక ఒకసారి, చలికాలంలో ఒకసారి ఆ 8వ ఫ్రెట్ సందు చూసుకుంటే సరిపోతుంది. చాలాసార్లు ట్రస్ రాడ్ పావు చుట్టుతో పోయేదే, శాడిల్ ముట్టుకునే పని కూడా రాదు.

బేస్‌ని కారు డిక్కీలోనూ ఆర్కెస్ట్రా వ్యానులోనూ మధ్యాహ్నం వదిలేశారంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు. రోజంతా ఏసీ నడిచే గదిలో పెట్టినా ఇబ్బందే, చెక్క ఎండి కుంచించుకుంటుంది, ఫ్రెట్ల చివర్లు బయటికి పొడుచుకొచ్చి అరచేతిని గీరుతుంటాయి. వాయించడం అయిపోయాక తీగలు వదులు చేసి పెట్టాలా అని చాలామంది అడుగుతుంటారు, అక్కర్లేదు, రోజూ వదిలి రోజూ బిగిస్తే నెక్ ఏరోజూ కుదురుగా ఉండదు. చెమట మాత్రం పొడిబట్టతో తుడవండి, తీగ అడుగున కూడా. మన ఊళ్లో తీగలు చెడేది ఎక్కువగా చెమట వల్లే.

తీగల మాట వచ్చింది కాబట్టి, స్టీల్ తీగలు గణగణమంటాయి కానీ వేళ్లకీ ఫ్రెట్లకీ గరుకు, నికెల్ తీగలు స్టీల్ వాటికంటే మెత్తన. ఫ్లాట్‌వౌండ్ అని నున్నగా చుట్టినవి ఉంటాయి, వేలు జారినా గీసుకుపోదు, చప్పుడు రాదు, స్వరం కాస్త మూసుకున్నట్టు గుండ్రంగా ఉంటుంది, పాత సినిమా పాటలు వాయించేవాళ్లకి బాగా నప్పుతాయి. కానీ ఒక సెట్ తీసేసి ఇంకో మందం సెట్ వేస్తే లాగుడు మారుతుంది, నెక్ వంపు మారుతుంది, మళ్లీ మొదటి జవాబుకి వెళ్లాల్సిందే.

ప్రశ్న: కొత్తపేట, గుంటూరు. యాక్షన్ దించాక కింది ఫ్రెట్లలో శ్రుతి బాగుంది, పైకి వెళ్తే కీబోర్డ్‌తో కలవడం లేదు. ఎందుకు?

జవాబు: చివరి పని మర్చిపోయారు. 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ మీటి ట్యూనర్‌లో చూడండి, తర్వాత అదే ఫ్రెట్ నొక్కి మీటండి, రెండూ ఒకటే చూపించాలి. నొక్కినప్పుడు శ్రుతి ఎక్కువ చూపిస్తే శాడిల్‌ని నెక్‌కి దూరంగా జరపండి, తక్కువ చూపిస్తే నెక్ వైపు జరపండి. జరిపే ముందు తీగ కాస్త వదులు చెయ్యండి, జరిపిన ప్రతిసారీ మళ్లీ శ్రుతి చేసి చూడండి. తీగని నొక్కితే సాగుతుంది కదా, ఎత్తుగా ఉన్న తీగ ఎక్కువ సాగుతుంది, అందుకే యాక్షన్ మార్చిన ప్రతిసారీ ఈ లెక్క కూడా మారుతుంది. ఎంత జరిపినా కలవకపోతే ఆ తీగలు ముసలివైపోయాయి, పారేసి కొత్తవి వెయ్యండి. లావు తీగ శాడిల్ అన్నిటికంటే వెనక్కి, సన్న తీగది ముందుకి ఉంటుంది, నాలుగూ ఒకే వరసలో లేవేంటని కంగారుపడి సర్దేయకండి.